తినే చేతి వైపు దారి

ఇందిర ఇటలీ నుంచి పంపే ఫొటోల్లో ఎప్పుడూ నేలే ఉండేది. చర్చి నేల, రైలు స్టేషన్ నేల, ఏదో పాత భవనం మెట్ల కింద అరిగిపోయిన నల్ల తెల్ల పలకల నేల. అప్పుడప్పుడూ అంచున ఆమె బూట్ల ముక్కులు కనిపించేవి.

మలేషియాలోని తెలుక్ ఇంటాన్‌లో కూర్చుని ఆ ఫొటోలు చూస్తూ తల్లి కూర్మమ్మ విసుక్కునేది.

“అంత దూరం ఎల్లి నేల సూత్తందేటి ఈ పిల్ల? మొకం సూపించమను.”

“టైల్సు ఫ్యాక్టరీలో పని సేత్తాది లా అమ్మా. దానికి నేలే కావాల,” అని నవ్వేది పెద్ద కూతురు వసంతి, ఆ దేశంలో అందరిలాగే మాట చివర ‘లా’ తగిలిస్తూ.

వసంతికి నలభై ఏళ్ళు. పట్టణంలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్‌లో పనిచేస్తూ తల్లితోనే ఉంటుంది. చెల్లెలు ఇందిర ఆమెకంటే ఏడేళ్ళు చిన్నది. క్లాంగ్‌లో ఒక టైల్సు ఫ్యాక్టరీలో రంగులు పూసే విభాగంలో తొమ్మిదేళ్ళుగా ఉంది. అక్కడి యంత్రాలన్నీ ఇటలీ నుంచి వచ్చినవే. ఇందిరకు వచ్చిన ఇటాలియన్ కూడా ఆ యంత్రాల మీద అంటించిన కాగితాల నుంచి వచ్చిందే: ఆగు, ముట్టుకోకు, చేయి లోపల పెట్టకు. ఈ యంత్రాలు రాకముందు ఆ దేశంలో నేలలు ఎలా చేసేవాళ్ళో చూడాలని ఆమెకు చాలాకాలంగా కోరిక. ఎవరూ తోడు రాలేదు. ఒక్కతే బయల్దేరింది. ఏడు కిలోల సంచి. అందులో సగం మ్యాగీ పొట్లాలు, ఒక సంబల్ కారం సీసా.

వెళ్ళేముందు తన ప్రయాణమంతా ఒక కాగితం మీద రాసి అక్క ఇంట్లో ఫ్రిజ్‌కి అంటించింది. రోమ్ నాలుగు రోజులు, ఫ్లోరెన్స్ మూడు, రవెన్నా మూడు, నేపుల్స్ అయిదు, మళ్ళీ రోమ్, అక్కణ్ణించి విమానం. అక్టోబర్ పదిహేడు, శుక్రవారం, ఇంటికి. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటుందో కూడా ఉంది అందులో.

ఆ కాగితం ఆరు రోజులే నిలిచింది.

మొదట రైళ్ళ సమ్మె వచ్చింది. రవెన్నా పోయింది. ఫ్లోరెన్స్‌లో ఏదో ఉత్సవం, పడక దొరకాలంటే రెట్టింపు అడిగారు. “నేపుల్స్‌కి ముందే ఎల్లిపోతన్నాను అప్పా,” అని సందేశం పెట్టింది. అక్కను వాళ్ళింట్లో అప్ప అనే పిలుస్తారు. వసంతి పెన్నుతో రెండు గీతలు కొట్టి, పక్కన కొత్త తేదీలు రాసింది. నేపుల్స్‌లో రెండో రోజు హాస్టల్ పై అంతస్తులో నీళ్ళ గొట్టం పగిలి, గదులు ఖాళీ చేయించారు. సంచి వీపున వేసుకుని హాస్టల్ వంటగదిలో మ్యాగీ ఉడకబెట్టుకుంటూ ఉంటే ఒక ఆడమనిషి పలకరించిందట. లిలియానా. యాభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడుతుంది, ఇంగ్లీషు బాగా వచ్చు. కొండల్లో వాళ్ళకి ఆలివ్ తోట ఉంది. ఇది కాయలు కోసే కాలం. ఒక వారం వచ్చి సగం రోజు పని చేస్తే తిండి, పడక ఉచితం. మిగతా సగం రోజు తిరగొచ్చు. ఇప్పటికే నలుగురు అతిథులు ఉన్నారు. ఆ ఊళ్ళో ఒక పాడుబడ్డ చర్చి ఉంది, దాని నేల చాలా పాతది.

“నేల అన్నాది గదా, ఇంక ఆగుతాదేటి ఇది,” అంది కూర్మమ్మ. నవ్వలేదు. “ఒద్దని సెప్పు.”

“వారమే గదా అమ్మా. డబ్బు కూడా మిగుల్తాది.”

“కూలిపనికి తీసుకెల్లేవోడు ఎవుడూ ముందు పని గురించి సెప్పడు. తిండి గురించే సెప్తాడు.”

వసంతి ఆ మాట చెల్లెలికి చెప్పలేదు. తల్లి నూనెతాటి తోటలో, లయం అనే కూలీల వరస ఇళ్ళల్లో పుట్టి పెరిగిన మనిషి. ప్రతిదానిలో కూలీలను పట్టుకొచ్చే కంగాణినే చూస్తుందని అక్కచెల్లెళ్ళు ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. వసంతి కాగితం మీద నేపుల్స్ కొట్టేసి, ఇందిర రైలు దిగబోయే చిన్న పట్టణం పేరు రాసింది. అక్కణ్ణించి బస్సు అని మాత్రం చెప్పింది ఇందిర. తోట ఉన్న ఊరి పేరు తనకే ఇంకా సరిగ్గా పలకడం రాలేదంది.

మర్నాడు సాయంత్రం ఒక ఫొటో వచ్చింది. ఈసారి పలకలు లేవు. బూడిదరంగు సిమెంటు నేల, మధ్యలో నీళ్ళు పోవడానికి ఒక ఇనప జాలీ. “ఆవుల కొట్టమంట, ఇప్పుడు గది సేసినారు లా” అని కింద రాసింది.

కూర్మమ్మ ఫోన్ తీసుకుని రెండు వేళ్ళతో ఫొటోని పెద్దది చేసి, చాలాసేపు చూసింది.

“గుమ్మం కాడ సెప్పులు లెక్కెట్టు.”

వసంతి లెక్కపెట్టింది. పదకొండు జతలు. చాలావరకు మగవాళ్ళ రబ్బరు బూట్లు, మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి. రెండు జతలు మాత్రం చిన్నవి.

“నలుగురు అన్నాది గదా?”

“పనోళ్ళవి అయ్యుంటాయి లా అమ్మా.”

“పనోళ్ళు, సుట్టాలు ఒక్క గదిలోనే పడుకుంటారేటి? నేల మీద ఆ గీతలు సూడు. మంచాలు ఎన్నిమార్లు ఈడిసినారో. ఎంతమంది ఒచ్చి పోయినారో.” ఫోన్ వెనక్కి ఇచ్చేసింది. “తలుపు తాళం ఎటేపు ఏత్తారో అడుగు.”

వసంతి అడిగింది. జవాబు రాలేదు. రెండు రోజులు ఏమీ రాలేదు. మూడో రోజు వచ్చింది, ఇంగ్లీషులో.

“డియర్ వసంతి, నేను క్షేమంగా ఉన్నాను. ఇక్కడ అంతా బాగుంది. ఫోన్ సిగ్నల్ సరిగ్గా ఉండదు. దయచేసి కంగారుపడవద్దు.”

వసంతి ఆ నాలుగు వాక్యాలూ పళ్ళ డాక్టరు కౌంటర్ వెనక నిలబడి చదివింది. ఇందిర ఎన్నడూ వాక్యం చివర చుక్క పెట్టదు. అప్పా అనకుండా మాట మొదలెట్టదు. కౌంటర్ ముందు ఒక ముసలాయన చెంప పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన పేరు రెండుసార్లు అడిగి కూడా వసంతి రాసుకోలేకపోయింది.

ఆ తర్వాత ఏది అడిగినా అదే తీరు. వీడియో కాల్ చేస్తే కట్ అయ్యేది. గంట తర్వాత “పనిలో ఉన్నాను” అని వచ్చేది. పదహారో తేదీన ఇంకో సందేశం: “ఇక్కడ నాకు చాలా నచ్చింది. టికెట్ మార్చుకున్నాను. డిసెంబర్ వరకు ఉంటాను.”

టికెట్ కొన్నప్పుడు ఇందిర తన అక్క ఈమెయిల్ కూడా ఇచ్చింది. వసంతి తెరిచి చూసింది. టికెట్ ఎవరూ మార్చలేదు. శుక్రవారం విమానంలో కిటికీ పక్క సీటు అలాగే ఉంది. ఆ సీటు ఖాళీగానే వచ్చింది.

రోమ్‌లో ఉన్న మలేషియా రాయబార కార్యాలయానికి వసంతి ఫోన్ చేసింది. ఎత్తినామె మలాయ్‌లో మాట్లాడింది, కాక్, అంటే అక్కా, అని పిలుస్తూ ఓపిగ్గా అన్నీ రాసుకుంది. “అక్కడి పోలీసులతో మేం మాట్లాడతాం, కాక్. కానీ ఏ ఊరు, ఏ ఇల్లు? ఆ పట్టణం చుట్టూ కొండల నిండా తోటలే. ఊరికే అడుగుతూ తిరిగితే వాళ్ళకి ముందే తెలిసిపోతుంది. ఇల్లు ఎక్కడుందో తెలుసుకోగలరా?” అని అడిగింది.

ఆ సాయంత్రం కూర్మమ్మ అన్నం ముందు కూర్చుని ముద్ద కలపలేదు.

“మా తాత ఈ దేశం ఒచ్చినప్పుడు ఓ కాయితం మీద ఏలిముద్ర ఏసినాడంట. ఆ కాయితం తోట లెక్కలు రాసే కిరాణి పెట్టిలో ఉండిపోనాది. ఇంటికెల్తాను, నా కాయితం ఇయ్యండని అడిగితే రేపు రా అనేవోడంట. అలాగ పదకొండేళ్ళు రేపు రా అన్నాడు.” చెయ్యి కడిగేసుకుంది. “దానితో నాను మాట్లాడాల. ఎలాగో ఒకలాగ మాట్లాడించు.”

వసంతి ఇందిర నంబరుకే జాగ్రత్తగా రాసింది, మర్యాదైన ఇంగ్లీషులో. అమ్మకు గుండెజబ్బు, మంచం పట్టింది. చెల్లెలి గొంతు ఒక్కసారి వింటే చాలు. లేకపోతే ఆవిడ బంధువులందరి చేతా పోలీసులకి చెప్పిస్తానంటోంది, నేను ఆపలేకపోతున్నాను.

నాలుగు గంటల తర్వాత జవాబు వచ్చింది. “ఆదివారం. పన్నెండు గంటలకు. అయిదు నిమిషాలు.”

ఇటలీలో పన్నెండంటే ఇక్కడ సాయంత్రం ఆరు. ఆదివారం మధ్యాహ్నం నుంచే మబ్బు పట్టి, పెరక్ నది వైపు నుంచి గాలి తోలుతోంది. ఫోన్ టేబుల్ మీద పెట్టి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. వాళ్ళు వింటూనే ఉంటారు కాబట్టి ఇంగ్లీషు వద్దు, తమిళంలో మాట్లాడదాం అనుకుంది వసంతి. అక్కచెల్లెళ్ళు ఎక్కువగా మాట్లాడుకునేది తమిళంలోనే. తెలుగు తల్లి కోసం, పూజల కోసం, తిట్టడం కోసం. ఇందిరకి అర్థమవుతుంది కానీ మాట్లాడమంటే మూడు మాటల తర్వాత ఆగిపోతుంది.

ఫోన్ మోగింది. ముందు ఒక ఆడగొంతు, ఇంగ్లీషులో. “అమ్మగారికి ఎలా ఉంది? అందరూ వింటున్నారు, కంగారు పెట్టకండి.” తర్వాత చప్పుడు, ఎవరో కుర్చీ జరిపినట్టు.

“ఇందిరా, ఎప్పడి ఇరుక్కే?” అంది వసంతి తమిళంలో, ఎలా ఉన్నావని.

“అప్పా, తెలుగులో మాట్లాడు,” అంది ఇందిర వెంటనే. గొంతు బొంగురుపోయి ఉంది. “అమ్మకి తమిళం రాదు గదా.”

కూర్మమ్మ తమిళం గడగడా మాట్లాడుతుంది. అరవై ఏళ్ళుగా మార్కెట్‌లో బేరాలన్నీ తమిళంలోనే. తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కడ తమిళం వచ్చినవాడు ఎవడో ఉన్నాడు.

వసంతి నోరు తెరిచి మళ్ళీ మూసింది. తన తెలుగులో సగం తమిళం, మిగతా సగం ఇంగ్లీషు. కూర్మమ్మ ఫోన్ తన ముందుకు లాక్కుంది. అలవాటైన మాటలు వదిలేసి, తన అమ్మమ్మ లయం అరుగు మీద మాట్లాడే మాటలు వెతుక్కుంటున్నట్టు కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత గొంతు సాగదీసి, చంటిపిల్లని బుజ్జగించినట్టు మొదలుపెట్టింది.

“బంగారూ, కూడు తిన్నావేటి?”

“తిన్నాను.”

“నవ్వుతూ మాటాడు. నాను ఏటడిగినా కూటి గురించి అడిగినట్టే మాటాడు. నీ ఎర్రట్టది ఎవుల కాడున్నాది?”

ఎర్ర అట్ట అంటే పాస్‌పోర్టు. ఇందిరకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది.

“ఆమె కాడ. లోపలెట్టి... మూసేసినాది.”

“పొద్దోయాక తలుపు?”

“బైటేపు.”

“కొట్టినారేటి?”

ఇందిర చిన్నగా నవ్వింది, తల్లి చెప్పినట్టే.

“నన్ను కాదు.”

వసంతి పెన్ను తెరిచింది. కూర్మమ్మ గొంతు మారలేదు.

“నువ్వు ఎక్కినదాని మీద ఎంతని ఏసున్నాది? మాటల్లో సెప్పకు.”

“పాత లయంలో... మనం ఎన్నోదో. అదే.”

లయంలో వాళ్ళ పాత ఇల్లు ముప్పై నాలుగో నంబరు, బస్సుదీ అదే. వసంతి రాసుకుంది.

“ఎక్కడ దిగినావు?”

“ఆకర్న. ఇంక పోదు అది.”

“దిగి?”

“నడిసినాను. అమ్మా, ఎటో... ఆ మాట నాకు రాదు...” ఇందిర తడబడింది. కుడి, ఎడమ అనే మాటలు ఆమె దగ్గర లేవు. వెనక ఎవరో దగ్గారు. “తినే సెయ్యి. తినే సెయ్యేపు. పైకి ఎల్లాల. పసుపు గుడి ఒకటి, ఇరిగిపోనాది. అది దాటినాక... కడుక్కునే సెయ్యేపు. ఇనప తలుపు. ఎర్రది.”

“ఏమిటి అడుగుతోంది?” అంది ఆడగొంతు ఇంగ్లీషులో.

“చేత్తో తింటున్నానా, ముళ్ళ చెంచాతోనా అని,” అంది ఇందిర. ఆడమనిషి కొంచెం నవ్వింది.

“ఆల్లు ఇంట్లో నేని పొద్దు ఏది?”

“మంగళారం. గానుగకి ఎల్తారు. ఎండ నెత్తి మీదున్నప్పుడు. ఒకడే ఉంటాడు... మేం సెట్ల కాడ ఉంటాం.”

“అయితే ఇను. మంగళారం, ఎండ నెత్తి మీదకి ఒచ్చినప్పుడు, సెత్త పారెయ్యడానికి ఎల్లినట్టు ఎల్లిపో. మూటా ముల్లె ఒట్టుకోకు. పసుపు గుడి కాడ...”

“యారు సెత్తాంగ?” అన్నాడు ఒక మగగొంతు, ఫోన్‌కి చాలా దగ్గరగా. ఎవరు చచ్చిపోయారు, అని తమిళంలో. సెత్త అనే ఒక్క మాట వాడికి తెలిసిన మాటలా వినపడింది.

ఇందిర వాడికి తమిళంలోనే నెమ్మదిగా చెప్పింది. “మా తాత తమ్ముడు పోయాడట. అమ్మ అది చెప్తోంది.”

కూర్మమ్మ వెంటనే ఏడుపు అందుకుంది. “ఓలమ్మో, ఓలమ్మో” అంటూ, ఆ ఏడుపు మధ్యలోనే, రాగం తీస్తూ చెప్పింది: “పసుపు గుడి కాడ కాకీ గుడ్డలోళ్ళు ఉంటారు, ఎనక్కి సూడకుండా దిగిపో తల్లీ, ఎనక్కి సూడకుండా దిగిపో.”

“అమ్మా, ఇంకో పిల్ల ఉన్నాది,” అంది ఇందిర గబగబా. “ఆ పిల్లని...”

ఫోన్ కట్ అయింది.

కూర్మమ్మ ఏడుపు ఆపడానికి చాలాసేపు పట్టింది. మొదలుపెట్టినప్పుడు అది నటన. ఆ తర్వాత కాదు.

సోమవారం రోమ్ కార్యాలయంలో అదే మనిషి ఫోన్ ఎత్తింది. వసంతి చెప్పినదంతా రాసుకుని, తిరిగి చదివి వినిపించింది. ముప్పై నాలుగో నంబరు బస్సు, చివరి స్టాపు, కుడివైపు ఎత్తు, పసుపు రంగు పాడు చర్చి, ఎడమవైపు ఎర్ర గేటు. “అక్కడి స్టేషన్‌కి చెప్తాను. వాళ్ళు ఎంతమందిని పంపుతారో, ఏ టైముకి పంపుతారో నా చేతిలో లేదు, కాక్,” అంది.

మంగళవారం వసంతి పనికి వెళ్ళలేదు. సాయంత్రం ఆరు కొట్టింది. అక్కడ ఎండ నెత్తి మీదకి వచ్చి ఉంటుంది. ఆరున్నర అయింది. బయట వాన మొదలై, రేకుల మీద పెద్ద మోత. ఆ మోతలో ఫోన్ మోగినా వినపడదని కూర్మమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తెర మీద అరచేయి వేసి కూర్చుంది. ఏడు. ఏడున్నర. “దీపం ఎట్టవే,” అంది ఒకసారి. వసంతి దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి తల్లి అలాగే ఉంది, చెయ్యి తియ్యకుండా.

ఎనిమిది దాటాక తెలియని నంబరు ఒకటి మోగింది.

“అప్పా,” అంది ఇందిర. వెనక మనుషులు ఇటాలియన్‌లో మాట్లాడుకుంటున్నారు, టైపు కొడుతున్న చప్పుడు. పోలీస్ స్టేషన్. ఫోన్ ఎవరో పోలీసామెది.

జరిగిందంతా ఆమె ఇంటికి వచ్చాక, కొంచెం కొంచెంగా తెలిసింది. మొదటిరోజే లిలియానా, పేర్లు నమోదు చేయాలని పాస్‌పోర్టు తీసుకుంది. రెండో రోజు ఫోన్. సగం రోజు పని అన్నది చీకటి నుంచి చీకటి దాకా అయింది. ఆ కొట్టంలో పదిమంది ఉన్నారు, తనతో పదకొండు. చాలామందికి ఒకరి భాష ఒకరికి రాదు. ఎవరూ పేర్లు కూడా చెప్పుకోరు. కాపలా ఉండేవాడు శ్రీలంక తమిళుడు. ఎప్పుడూ తాగి ఉంటాడు, కానీ వాడికి చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. పక్క మంచం మీద పిల్ల పేరు కోగిల. ఇరవై రెండేళ్ళు. ఆమెదీ శ్రీలంకే, మట్టక్కళప్పు పక్కన ఊరు. మే నెల నుంచి అక్కడే ఉంది. ఇందిరకి జ్వరం వచ్చిన రోజు తన రొట్టెలో సగం దాచి తెచ్చి ఇచ్చింది. రొట్టె దాచినందుకు దెబ్బలు తిన్నది ఆమే.

మంగళవారం మధ్యాహ్నం ఇందిర ఆకుల గోనె ఒకటి భుజాన వేసుకుని, కోగిల పక్కకి వెళ్ళి, రా పోదాం అంది. కోగిల కింద రాలిన కాయలు ఏరుతూ తల ఎత్తలేదు.

“నా కాగితాలు మా చిత్తప్ప దగ్గర ఉన్నాయి అక్కా. పండగ లోపల ఇస్తానన్నాడు. నేను పోతే ఇంటికి ఎలా ముఖం చూపించేది?”

చిత్తప్ప ఎవరో అడిగింది ఇందిర. కోగిల కళ్ళతో చూపించింది. చెట్టు కింద కుర్చీలో, టోపీ మొహం మీద వేసుకుని పడుకున్న కాపలావాడు. ఆమె నాన్నకి సొంత తమ్ముడు.

ఇందిర ఇంకోసారి రమ్మంది. తర్వాత గోనెతో నడిచింది. చెత్త పారేసే గుంత దాటింది. గోనె వదిలేసింది. పసుపు గుడి దగ్గర నీలం కారు ఒకటి ఆగి ఉంది, అందులో ఇద్దరు పోలీసులు. కాకీ గుడ్డలు లేవు, నల్ల దుస్తులు. తల్లి చెప్పినవాళ్ళో కాదో తెలియక పావుగంట ఒక గోడ వెనక దాక్కుంది. ఆ పావుగంట గురించి చెప్పేటప్పుడు ఇందిర ప్రతిసారీ ఆగిపోయేది. కోట్లు సరిచేసుకుంటూ, సిగరెట్టు తాగుతూ ఉన్న ఆ ఇద్దరి దగ్గరికి చివరికి వెళ్ళింది. చెప్పింది. ఇద్దరే కాబట్టి వాళ్ళు ఇంకొంతమందిని పిలిపించి, అందరూ వచ్చాక ఎర్ర గేటు దగ్గరికి వెళ్ళారు. గంటన్నర పట్టింది.

గేటు తెరిచే ఉంది. కొట్టంలో పదకొండు మంచాలు ఉన్నాయి, మనుషులు లేరు. పొయ్యి మీద గిన్నె ఇంకా వేడిగా ఉందట. లిలియానా గానుగ నుంచి తిరిగి వచ్చి, పోలీసులకి కాఫీ ఇచ్చి, ఈ అమ్మాయి మా అతిథి, పాస్‌పోర్టు తనే మర్చిపోయింది అని నవ్వుతూ తెచ్చి చేతిలో పెట్టింది. “జాగ్రత్తగా వెళ్ళు,” అని బుగ్గ మీద ముద్దు కూడా పెట్టింది. మిగతావాళ్ళ గురించి అడిగితే, రోజు కూలీలు, ఇవాళ్టికి పని అయిపోయింది, ఎటు పోయారో తనకేం తెలుసు అంది.

ఇందిర నాలుగు రోజుల తర్వాత ఇంటికి చేరింది. క్లాంగ్ వెళ్ళలేదు, తెలుక్ ఇంటాన్‌లోనే ఉండిపోయింది. పడుకునే గది తలుపు మూయనిచ్చేది కాదు. కూర్మమ్మ దానికి ఒక ఇటుక అడ్డం పెట్టింది. పగలంతా ఇందిర ఫోన్‌లో రోమ్‌కి, ఆ పోలీస్ స్టేషన్‌కి, మళ్ళీ రోమ్‌కి మాట్లాడేది. కోగిల అని చెప్పేది. ఇంటి పేరు? తెలియదు. పుట్టిన తేదీ? తెలియదు. కనుబొమ్మ మీద మచ్చ, మట్టక్కళప్పు పక్కన ఊరు, వాళ్ళ బడి వెనక ఉప్పు మడులు. తెలిసినదంతా రాసి పంపింది. కేసు తెరిచే ఉందని జవాబు వచ్చేది.

“నీ ఎనక రాననింది అదే గదా తల్లీ,” అంది కూర్మమ్మ ఒకసారి.

“నాను ఎల్లకపోతే ఆల్లకి అనుమానం రాదు. ఆ పిల్లని ఎక్కడికీ మార్చరు.”

కూర్మమ్మ ఫోన్ తెచ్చి కూతురి ముందు పెట్టింది.

నవంబర్ ఆఖరున, ఆ ఉప్పు మడుల ఊరి బడిలో పనిచేసే ఒక టీచరమ్మ ద్వారా ఫోన్ నంబర్ ఒకటి దొరికింది. కోగిల తల్లిది. ఒక శనివారం పొద్దున ఇందిర భోజనాల బల్ల దగ్గర కూర్చుని, స్పీకర్ పెట్టి, ఫోన్ చేసింది. ఒక పక్క వసంతి, ఒక పక్క కూర్మమ్మ.

ఎత్తిన మనిషి గొంతు హుషారుగా ఉంది. మా కోగిల స్నేహితురాలివా, మలేషియా నుంచా అని సంబరపడింది. తిన్నావా అని అడిగింది. ఇందిర కోగిల ఎలా ఉంది, ఎక్కడుంది అని తమిళంలో అడిగింది.

“కొత్త ఊరికి మారారమ్మా. ఇంకా పైకి, చలి ఎక్కువట. పిల్లకి తీరిక లేదు, మాట్లాడి నెల దాటింది. కానీ మా మరిది వారం వారం ఫోన్ చేస్తాడు. అదే మాకు ధైర్యం. పరాయి దేశమైనా సొంత చిత్తప్ప పక్కనున్నాడు కదా. కన్ను ఆర్పకుండా చూసుకుంటున్నాడట.”

ఇందిర బల్ల అంచు పట్టుకుంది. వసంతి ఆమె వీపు మీద చేయి వేసింది. కూర్మమ్మకి అంతా అర్థమైంది. కూతురి వైపు చూసి, చెప్పు అన్నట్టు తల ఊపింది.

“అమ్మా,” అంది ఇందిర. “ఇంట్లో ఇంకెవరున్నారు?”

“నా తోడికోడలు ఉంది. అతని పెళ్ళామే. ఎందుకమ్మా?”

ఇందిర ఫోన్ దగ్గరికి వంగి ఎదురుచూసింది. అటు వైపు ఎక్కడో కోడి కూసింది, గిన్నె కింద పెట్టిన చప్పుడు. అడిగిన ప్రశ్నలో ఏముందో ఆ మనిషికి మెల్లగా అందుతున్నట్టుంది. కుర్చీ జరిపారు. ఫోన్‌లో ఎవరని ఇంకో ఆడగొంతు అడిగింది. “ఎవరో తప్పు నంబరు,” అంది కోగిల తల్లి బిగ్గరగా. తర్వాత అడుగుల చప్పుడు, తలుపు తెరుచుకుని మూసుకోవడం, గాలి.

మళ్ళీ వినపడిన గొంతు వేరేగా ఉంది. చాలా చిన్నగా, నోటికి చేయి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టు.

“బయటికొచ్చాను,” అంది. “ఇప్పుడు చెప్పమ్మా.”